మొక్కలు తర్వాత, ముందు నీళ్లూ నీడా: నల్గొండ ఎండలో పెరడు వేసుకునేదెట్లా

కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లలో చాలామంది చేసే పని ఒకటుంది. గృహప్రవేశమైన పది రోజులకు నర్సరీకి పోయి, కంటికి నచ్చినవన్నీ ఆటోలో వేసుకొచ్చి, ప్రహరీ వెంబడి వరసగా గుంతలు తీసి పెట్టేయడం. నేనూ అదే చేశాను. మార్చిలో 22 మొక్కలు పెడితే రోహిణి కార్తె దాటేసరికి ఐదు మిగిలాయి, అందులో రెండు కలబంద. కలబందను చంపడం ఎట్లాగూ ఎవరి తరమూ కాదు కాబట్టి లెక్కకు మూడే అనుకోండి.

ఆ ఏడాది నాకు అర్థమైంది ఒక్కటే. నల్గొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, ఈ పట్టీలో తోట ప్లాను అంటే మొక్కల లిస్టు కాదు. సాయంత్రం ఎండను ఎక్కడ ఆపాలి, వాన నీళ్లను ఎక్కడ ఆపాలి, ఈ రెండూ తేలితే ఏ మొక్క ఎక్కడన్నది దానంతటదే తేలిపోతుంది. వీడియోల్లో చూపించే 'ట్రాపికల్ గార్డెన్', ఆ పెద్ద పెద్ద ఆకులు, ఫెర్నులు, నాచు పట్టిన రాళ్లు, అవన్నీ గాలిలో తేమ ఉండే చోటివి. మనదీ ఉష్ణమండలమే, కానీ మనకు వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అక్టోబరులో ఇంకొంచెం, ఆ తర్వాత ఏడు నెలలు పొడి గాలి. మన పెరడు ఆ ఏడు నెలల కోసం వేసుకోవాలి. వానాకాలంలో కట్టె పాతినా చిగురేస్తుంది.

మా స్థలం లెక్కే చెప్తాను, చాలామందికి ఇట్లాంటిదే ఉంటుంది. 30×60 అడుగులు, 200 గజాలు, తూర్పు ముఖం. ఇల్లు 24 వెడల్పు, 36 పొడవు. ముందు 8 అడుగులు, వెనక పడమర వైపు 16 అడుగులు, ఉత్తరం, దక్షిణం మూడేసి అడుగుల సందులు. అంటే అసలు తోట వెనక ఉన్న 480 చదరపు అడుగులే, మిగతావన్నీ అంచులు. ఒక పాత నోటుబుక్కులో అడుగుకు ఒక గడి చొప్పున ఇల్లు, సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, బట్టలారేసే తీగ, బండి పెట్టే చోటు అన్నీ గీయండి. బట్టలారేసే తీగ మర్చిపోతే ఇంట్లో యుద్ధమే, ముందే చెప్తున్నా.

తర్వాత ఒక ఆదివారం ఇంటి దగ్గరే ఉండి నీడను కొలవండి. పొద్దున తొమ్మిదికి, పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు నీడ అంచు ఎక్కడుందో అక్కడ ఒక ఇటుక పెట్టుకుంటూ పోవాలి. నోటుబుక్కులో మూడు రంగుల పెన్నులతో మూడు గీతలు. ఇది ఏప్రిల్‌లో చేస్తే మంచిది, కానీ అది ఒక్కటే సరిపోదు, ఎందుకంటే మన దగ్గర సూర్యుడు ఏడాదంతా ఒకే దారిలో పోడు. నల్గొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అందుకే దాదాపు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి కంటే కాస్త ఉత్తరంగానే ఉంటాడు. డిసెంబరులో మాత్రం బాగా దక్షిణానికి వాలిపోతాడు. 11 అడుగుల ఇంటి నీడ డిసెంబరు మధ్యాహ్నం ఉత్తరం వైపు 9 అడుగులకు పైనే పడుతుంది. ఉత్తరం సందులో చలికాలం కొత్తిమీర చల్లి, మొలక సన్నగా తీగలా సాగి పడిపోతే విత్తనాల షాపువాణ్ణి తిట్టుకున్న రోజులున్నాయి నాకు. తప్పు విత్తనానిది కాదు, ఆ సందులో నవంబరు నుంచి జనవరి దాకా ఎండే పడదు. ఇప్పుడక్కడ పసుపు, అల్లం, తమలపాకు తీగ పెట్టాను, సంతోషంగా ఉన్నాయి.

ఇక పడమర. అసలు కథ ఇక్కడే. ఏప్రిల్‌లో సాయంత్రం ఐదింటికి మా వంటింటి వెనక గోడ మీద అరచెయ్యి పెడితే ఐదు లెక్కపెట్టేలోపు తీసేయాల్సి వచ్చేది. రాత్రి తొమ్మిదయినా ఆ గోడ సెగ కక్కుతూనే ఉంటుంది. నేను గులాబీలు పెట్టింది సరిగ్గా ఆ గోడ మొదట్లో. మా అమ్మ చూసి "పొయ్యి కాడ పెట్టినట్టు పెట్టినవ్ కద బిడ్డా" అంది. నిజమే, ఒకవైపు ఎండ, ఇంకోవైపు గోడ సెగ, మధ్యలో గులాబీ.

అదే పెరట్లో ఎదురుగా ఉన్న పడమటి ప్రహరీని చూడండి. దాని లోపలి అంచుకు పొద్దున ఎండ తగులుతుంది, మధ్యాహ్నం తర్వాత గోడే నీడ ఇస్తుంది. ఐదడుగుల గోడకు ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి ఏడడుగుల దాకా నీడ వస్తుంది. అంటే లేత మొక్కలు, ఆకుకూరల మడులు పడమటి ప్రహరీని ఆనుకుని ఉండాలి, ఇంటి గోడను కాదు. ఇంత చిన్న విషయం తెలియడానికి నాకు రెండు ఎండాకాలాలు పట్టింది.

నీడ చెట్టు కూడా పడమరకే, కానీ ఏ మూల? ఏప్రిల్ చివర, మే నెలల్లో సూర్యుడు నేరుగా పడమర కాకుండా వాయవ్యం వైపుకు జరిగి దిగుతాడు. కాబట్టి మే ఎండ ఆపాలంటే వాయవ్యం మూల చెట్టు పనికొస్తుంది. మా మేనమామ వచ్చి వాస్తు ప్రకారం పెద్ద చెట్టు నైరుతిలో ఉండాలన్నాడు. రెండు మూలలా చెరొకటి పెట్టి గొడవ తప్పించుకున్నా, దాంతో మార్చి ఎండకు కూడా అడ్డం దొరికింది.

గుంత తీసే దగ్గర తొందరపడొద్దు. మన చెల్క నేలల్లో పైన ఒకటి, ఒకటిన్నర అడుగు ఎర్రమట్టి, దాని కింద గట్టి మొరం, ఇంకా కిందికి పోతే రాయి. మామిడి కోసం నేను మూడడుగుల గుంత తీయించాను, రెండడుగుల తర్వాత గడ్డపార ఖంగుమంది, అయినా చెక్కించి మంచి మట్టి నింపి మొక్క పెట్టాను. ఆగస్టు వానలకు గుంత గిన్నెలా నిండింది, నీళ్లు కిందికి దిగే దారి లేదు, పది రోజుల్లో ఆకులన్నీ వాలిపోయాయి. ఎండి చచ్చిన మొక్కను చూసినవాడికి తడిసి చచ్చిన మొక్క అర్థం కాదు, వాడిపోయింది కదా అని ఇంకో బకెట్ పోశాను. కాబట్టి మొక్క కొనకముందే గుంతలో అడుగు ఎత్తు నీళ్లు పోసి చూడండి. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి ఇంకిపోతే ఆ చోటు మంచిదే. తెల్లారి కూడా నిలబడి ఉంటే అడుగున గడ్డపారతో నాలుగైదు చోట్ల బలంగా పొడిపించి మళ్లీ చూడాలి, అప్పటికీ దిగకపోతే గుంత మానేసి అడుగున్నర ఎత్తు దిమ్మె కట్టి దాని మీద పెట్టాలి. జామ, నిమ్మ, దానిమ్మలకు రెండడుగుల గుంత చాలు.

మట్టి గురించి. కొత్త ఇంటి పెరట్లో మీకు కనిపించేది మట్టి కాదు, మేస్త్రీలు వదిలేసి పోయిన సిమెంటు పెచ్చులు, కంకర, గోడకు కొట్టగా రాలిన మాలు. సిమెంటులో ఉండే సున్నం మట్టిని క్షారంగా మారుస్తుంది, అప్పుడు ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఆకు పసుపు పడుతుంది. మడులు వేసే చోటైనా పై అడుగు తీసి పారేయండి. నింపడానికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చెరువు మట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. చెరువు మట్టి ఏప్రిల్, మే నెలల్లో చెరువులు ఎండినప్పుడే దొరుకుతుంది, ఒక ట్రాక్టరు ట్రిప్పు ఇద్దరు ముగ్గురు కలిసి పంచుకుంటే బాగుంటుంది. బలం కదా అని అదే ఎక్కువ వేస్తే ఎండాకాలం పెచ్చులు కట్టి పర్రెలు వాస్తుంది. ఎరువు మాగిందో లేదో గుప్పిట్లో పట్టి వాసన చూస్తే తెలుస్తుంది, పేడ వాసన వస్తే ఇంకా పచ్చిదే. పచ్చి పెంట వేస్తే వేర్లు మాడతాయి, పైగా వేరుపురుగునూ చెదలనూ మనమే పిలిచినట్టు. గుంతకు ఒక కిలో వేపపిండి కలపండి, మన ఎర్రనేలల్లో చెదల బాధ ఎక్కువ. మట్టి పరీక్ష చేయించాలంటే నల్గొండ వైపు కంపాసాగర్, నాగర్‌కర్నూల్ వైపు పాలెం కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగండి.

ఇప్పుడు నీళ్లు. మా స్లాబు 24×36, అంటే 864 చదరపు అడుగులు, 80 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే 80 లీటర్లు, పది మిల్లీమీటర్ల చిన్న వానకే 800 లీటర్లు. ఇవన్నీ ఇంతకుముందు పైపులోంచి వీధి మోరీలోకి పోయేవి, మేమేమో మేలో ట్యాంకరు కోసం ఫోన్లు చేసేవాళ్లం. ఇప్పుడు వెనక వైపు పైపును ఒక చిన్న కాలువలోకి తిప్పాను. కాలువ ముందు వాయవ్యం చెట్టు పాదులోకి, అక్కడ నిండితే నైరుతి చెట్టు పాదులోకి, అదీ నిండితే ఇంకుడు గుంతలోకి. మూడింటికీ వాలు ముందే చూసుకోవాలి, బకెట్ నీళ్లు గుమ్మరించి ఎటు పారుతున్నాయో చూస్తే చాలు, లెవెల్ పైపులు అక్కర్లేదు. ఇంకుడు గుంత నాలుగడుగులు పొడవు, నాలుగు వెడల్పు, ఆరు లోతు. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో 40 ఎం.ఎం. కంకర, పైన 20 ఎం.ఎం., ఆపైన దొడ్డు ఇసుక. పునాదికి కనీసం పది అడుగుల దూరం ఉండాలి, సెప్టిక్ ట్యాంకు పక్కన అసలే వద్దు. రెండేళ్లకోసారి పై ఇసుక తీసి కడగాలి, లేకపోతే అది ఇంకుడు గుంత కాదు, దోమల గుంత.

ఇంకో తప్పు చెప్తాను, ఇది నల్గొండవాళ్లే చేయగలిగే తప్పు. మన భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు, దాన్ని తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పెట్టేంత పేరుంది. అందుకే చాలా ఇళ్లలో ఆర్వో మిషన్ ఉంటుంది. దాని నుంచి పక్క పైపులో వచ్చే నీళ్లు, తాగే నీళ్లకు రెండు మూడింతలు, మోరీలో పోతుంటే మనసొప్పక ఒక డ్రమ్ములో పట్టి కుండీలన్నిటికీ పోశాను. నీళ్లు పొదుపు చేస్తున్నానని లోపల కొంచెం గర్వం కూడా. నాలుగు నెలలకు మల్లె ఆకుల అంచులు కాగితం కాల్చినట్టు గోధుమ రంగుకు తిరిగాయి, డ్రసీనా ఆకుల కొనలు మాడిపోయాయి, కుండీల మూతుల చుట్టూ తెల్లగా సున్నం కొట్టినట్టు పొర. గోరుతో గీకి నాలుక మీద పెడితే ఉప్పు. విషయం ఏంటంటే మిషన్ మంచినీళ్లను మనకిచ్చి, ఉప్పూ ఫ్లోరైడూ అంతా ఆ మిగిలిన నీళ్లలోకే తోస్తుంది, బోరు నీళ్లకంటే అవి చిక్కటి ఉప్పునీళ్లు. వాటితో ఇల్లు తుడవండి, బాత్రూం కడగండి, మొక్కలకు మాత్రం వద్దు.

నీళ్లలో కరిగిన ఉప్పులెంతో చూపించే టీడీఎస్ మీటరు కొన్ని వందలకే దొరుకుతుంది, ఒకటి కొని బోరు నీళ్లు చూసుకోండి. 500 లోపుంటే టెన్షన్ లేదు. 2000 దాటితే చాలా కూరగాయలు ఒప్పుకోవు. మధ్యలో ఉంటే మొక్కను చూసి ఎంచుకోవాలి: చిక్కుడు, నిమ్మ, బత్తాయి, గులాబీ ఉప్పుకు త్వరగా లొంగిపోతాయి. సపోటా, కొబ్బరి, గన్నేరు, కాగితపు పూలు ఓర్చుకుంటాయి. ఉప్పునీళ్లు రోజూ కొంచెం కొంచెం చల్లితే ఉప్పు పైనే పేరుకుంటుంది, అందుకే తక్కువసార్లు, పోసినప్పుడు లోతుగా తడిసేటట్టు పోయాలి, ఆకుల మీద పడకుండా. వానాకాలంలో పాదులు బాగా నిండనిస్తే ఏడాదిపాటు పేరుకున్న ఉప్పు కొంత కిందికి కడుక్కుపోతుంది. స్లాబు నీళ్లు పాదుల్లోకి తిప్పడం వల్ల ఇది రెండో లాభం.

ఎండాకాలం నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవున్న ఆకుకూర మడి రోజుకు దాదాపు 20 లీటర్లు తాగుతుంది, బకెట్టున్నర అనుకోండి. మీ ఇంట్లో మే నెలలో తోటకు రోజుకు ఎన్ని బకెట్లు మిగులుతాయో లెక్కేసి దాన్ని బట్టి మడులు వేయండి, జులై ఉత్సాహంతో కాదు. మాకు రెండు మడులే లెక్కకొచ్చాయి, రెండే ఉన్నాయి. నీళ్లు ఆదా చేయడానికి నాకు బాగా పనికొచ్చింది డ్రిప్పు కంటే కుండ. కుమ్మరి దగ్గర రంగు వేయని మామూలు మట్టికుండ తెచ్చి మడి మధ్యలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టడమే. మట్టి ఎండే కొద్దీ కుండ చెమర్చి చుట్టూ అడుగు మేర తడి ఇస్తుంది. మూత లేకపోతే దోమలు, అదొక్కటి మర్చిపోవద్దు. ఉప్పునీళ్లయితే కుండ రంధ్రాలు పూడుకుపోతాయి, ఏడాదికోసారి మార్చుకోవాలి. పాదుల మీద ఏదో ఒకటి కప్పండి, వేరుశనగ పొట్టు దొరికితే బ్రహ్మాండం, వనపర్తి వైపు కొదవే లేదు, లేదంటే వరిగడ్డి. చెట్టు మొదలుకు ఆనకుండా నాలుగంగుళాలు వదలాలి, ఆనితే చెదలు మొదలుకే ఎక్కుతాయి.

ఏ చెట్టు? 200 గజాల్లో బేనిషాన్ మామిడి పెట్టాలనుకునేవాళ్లకు నా సలహా, కొల్లాపూర్ పోయి బుట్ట కొనుక్కోండి. ఆ చెట్టుకు 25 అడుగుల జాగా కావాలి. నా వాయవ్యం మూలలో మునగ పెట్టాను, ఏడాదికే ఇంటి ఎత్తు లేచి నీడ ఇచ్చింది, దాని చాటున జామ నెమ్మదిగా పెరుగుతోంది, జామ అందుకున్నాక మునగను కొట్టేస్తా. మునగ తలుపుకు, బట్టల తీగకు దూరంగా ఉండాలి, వానాకాలం కాండం మీద గొంగళి పురుగులు గుంపుగా పడతాయి, ఆ వెంట్రుకలు తగిలితే దురదతో ఒళ్లంతా పీక్కోవాలి. నైరుతిలో సీతాఫలం. మన బాలానగర్ పేరుతోనే సీతాఫలం రకం ఉంది, ఆ రకమే అడిగి తెచ్చుకోండి. రాళ్లలో పెరిగే చెట్టు, మొదటి రెండేళ్లు దాటితే పెద్దగా నీళ్లడగదు, మేకలు ముట్టవు. కోనోకార్పస్ మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోవద్దు, దాని వేర్లు పైపులు వెతుక్కుంటూ పోతాయి.

రెండు చెట్ల మధ్య పందిరి. నాలుగు రాతి కడీలు పాతించి పైన జీఐ తీగ లాగి, ఎక్కడానికి కందికట్టె ఆనించాను. వానాకాలం బీర, సొర, కాకర. చిక్కుడు జులైలో పెడితే ఆకే ఆకు పెరుగుతుంది, పూత రాదేమని కంగారు పడతారు, పగటి పొద్దు తగ్గితే గానీ అది పూయదు, దసరా దాటాక చూడండి. ఎండాకాలంలో అదే తీగల మీద సగం ఎండ ఆపే గ్రీన్ నెట్ కడతాను, కింద తోటకూర, పుంటికూర, గంగవాయిలి కూర నడుస్తాయి. ఏప్రిల్‌లో టమాట కోసం తంటాలు పడొద్దు, 38 డిగ్రీలు దాటాక పూత రాలిపోతుంది, ఏ మందు కొట్టినా నిలబడదు. టమాట, పాలకూర, మెంతి, కొత్తిమీర అక్టోబరు తర్వాత. వంకాయ, బెండ, మిర్చి జూన్, జులై. చెట్లేమో మృగశిర రాగానే కాదు, రెండు మంచి వానలు పడి నేల అడుగు లోతు తడిశాక.

లాన్ సంగతి అడిగేవాళ్లుంటారు. వద్దు. అంతే.

కోతుల గురించి చెప్పకుండా మన దగ్గర తోట ప్లాను పూర్తి కాదు. జామ, టమాట, బొప్పాయి, అరటి వాటికే ముందు తెలుస్తాయి. కోసుకు తింటే పర్వాలేదు, ఒక్కో కాయ కొరికి పారేస్తాయి, పోయేటప్పుడు కొమ్మ విరిచి పోతాయి. మా వీధిలో కోతులు ఎక్కువగా వదిలేసేవి కాకర, మిర్చి, నిమ్మ, పసుపు, కరివేపాకు. కాబట్టి అవి కంచె దగ్గర, బయటి వైపు. ఇష్టంగా తినేవి వంటింటి కిటికీలోంచి కనిపించే చోట, అరిస్తే వినబడేంత దగ్గర. టమాట మడికి పూర్తిగా ఇనుప జాలీ గూడు కట్టించాను, ఖర్చు చూస్తే ఆ డబ్బుతో రెండేళ్లు టమాటలు కొనొచ్చు, అది వేరే విషయం. పురుగులకు లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు, సాయంత్రం పూట. బెండ ఆకు మీద ఈనెలు పసుపు వల పరిచినట్టయితే అది పల్లాకు తెగులు, తెల్లదోమ తెస్తుంది, ఆ మొక్కను పీకేయడమే.

ముందు వైపు 8 అడుగుల్లో బండి పోగా మిగిలింది మా ఇంట్లో ఆడవాళ్లది, నాకు మాట చెల్లదు. ఒక మూల మల్లె, గేటు పక్కన తంగేడు, మిగతాది జులై మొదట్లో బంతి, సీతజడ. అప్పుడు చల్లితే బతుకమ్మకు సరిగ్గా అందుతాయి, ఆగస్టు చివర గుర్తొచ్చి చల్లితే పండగ అయిపోయాక పూస్తాయి. తంగేడు నర్సరీలో అడిగితే నవ్వుతారు, గుట్ట పక్కన ఎండిన కాయలు ఏరుకొచ్చి, గింజలను వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి పెట్టండి. గునుగు ఎక్కడా కొనక్కర్లేదు. చెరువు మట్టితో పాటు మా పెరట్లోకి అదే వచ్చింది, మొదటి ఏడాది కలుపనుకుని పీకుతుంటే మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.